ముగ్గా, సముద్రమా, నవ్వా? గడవని పూట ఏదో ముందు చూసుకోండి

మా ఆయన చనిపోయిన నెలకి, ఒకే వారంలో ముగ్గురు నాకు మూడు సలహాలు చెప్పారు. చిన్నాడపడుచు ఫోన్ చేసి "అలా కళింగపట్నం బీచ్‌కి వెళ్లి కాసేపు కూర్చుని రా వదినా, తేలికపడతావు" అంది. నాతో పనిచేసే టీచరు రంగు పెన్సిళ్లూ, పెద్దవాళ్లు రంగులేసుకునే బొమ్మల పుస్తకమూ తెచ్చి చేతిలో పెట్టింది. మా తమ్ముడు రోజూ పొద్దున్నే కామెడీ క్లిప్పులు పంపడం మొదలుపెట్టాడు. ముగ్గురిదీ ప్రేమే. కానీ ఆ నెలలో మూడూ నాకు పనికిరాలేదు. తర్వాత రెండేళ్లలో మూడూ ఏదో ఒక రూపంలో పనికొచ్చాయి. ఏది ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో ముందే ఎవరైనా చెప్పి ఉంటే కొంత టైము, కొంత ఏడుపు మిగిలేవి. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. శ్రీకాకుళంలో పిల్లలకి లెక్కలు చెప్పే మనిషిని.

ఏదైనా ఎంచుకునే ముందు ఒకటి తేల్చుకోండి. మీకున్నది దుఃఖమా, జడుపా? మన వైపు పిల్లాడికి జ్వరం వస్తే "ఏటో చూసి జడుసుకున్నాడు" అంటారు కదా, ఆ జడుపు. డాక్టర్లు ట్రామా అనేదానికి ఇంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. దుఃఖంలో పోయిన మనిషి కోసం మనమే వెతుక్కుంటాం. చొక్కా వాసన చూస్తాం, పాత ఫోటోలు తిరగేస్తాం. జడుపు అలా కాదు, పిలవకుండానే వచ్చి మీద పడుతుంది. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరుని రాయగడ ప్యాసింజరు వెనక నుంచి ఢీకొంది. అందులోంచి బతికి బయటపడ్డ మనిషికి ఇప్పటికీ రైలు కూత వింటే చేతులు చల్లబడుతుంటే అది జడుపు. అలాంటి ప్రమాదంలో అన్నని పోగొట్టుకుని, ఆయన ఫోన్ నంబరు తీసెయ్యలేక ఉంచుకున్న చెల్లెలిది దుఃఖం. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. మా అత్తకి, అంటే మా ఆయన తల్లికి, ఉన్నాయి.

అత్తది ఉద్దానంలో, కవిటి దగ్గర ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లో ఒక్కర్తే ఉంది. రేకులు ఎగిరిపోయాయి. తెల్లారి చూస్తే తోటలో కొబ్బరి చెట్లు దువ్వెన పళ్లు విరిగినట్టు పడున్నాయి. తర్వాత పది రోజులు వచ్చినవాళ్లందరూ, మైకు పట్టుకున్నవాళ్లూ పట్టుకోనివాళ్లూ, "ఆ రాత్రి ఏం జరిగింది, మొత్తం చెప్పమ్మా" అని అడిగారు. చెప్పిన ప్రతి రాత్రీ ఆమెకి నిద్ర లేదు. దెబ్బ తగిలిన వెంటనే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. మనిషి తనంతట తాను చెప్తే వినాలి, తవ్వకూడదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు. నేనూ అడిగాను.

జడుపున్న మనిషికి ముందు కావాల్సింది ఒంటికి కుదురు. మాటలు తర్వాత. అత్తకి ఆ కుదురు ఎక్కడ దొరికిందంటే, పడిపోయిన మట్టల దగ్గరే. పంచలో కూర్చుని ఆకులు చీల్చి, చిన్న కత్తితో ఈనెలు గీసి, చీపుర్లు కట్టడం మొదలుపెట్టింది. ఒక్కో ఈనెకి రెండు గీతలు, అటు ఒకటి ఇటు ఒకటి. ఆకు పక్కకి పడిపోతుంది, ఈనె సన్నగా చేతిలో మిగులుతుంది. నెల రోజుల్లో ఎనభై చీపుర్లు కట్టింది. "అమ్ముతావా అత్తా?" అని అడిగితే, "ఎవులు కొంతారే, అందరిళ్ల ముందూ మట్టలే కదేటి" అంది. తుపాను తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి వెటకారం అది.

ఇక రెండో ప్రశ్న. నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే. రోజులో మీకు గడవని పూట ఏది? అందరూ "ఎంత బాధగా ఉంది" అని అడుగుతారు, "ఎన్ని గంటలకి" అని ఎవరూ అడగరు. నాకు తెల్లవారుజామున నాలుగున్నర. ఆయన లేచి పాలు పొయ్యి మీద పెట్టే టైము. ఆయన పోయాక కూడా సరిగ్గా అప్పుడే మెలకువ వచ్చేది. వంటింట్లో చప్పుడు ఉండేది కాదు. కొందరికి సాయంత్రం ఆఫీసుల నుంచి బళ్లు వచ్చే వేళ, కొందరికి ఆదివారం మధ్యాహ్నం. అత్తకి గాలి లేచిన రాత్రి. కళ, ప్రకృతి, నవ్వు అని మూడు పేర్లు చెప్పి ఒకటి ఎంచుకోమంటే అది బట్టల షాపులో చీర ఎంచుకున్నట్టుంటుంది. ఆ పూటకి మీ చేతికి అందేది ఏదో చూడండి. నాలుగున్నరకి సముద్రం అందదు. బస్సు కూడా ఉండదు.

చేతి పని, పాట, రాత

నాలుగున్నరకి నాకు అందింది ముగ్గు. వాకిట్లో కాదు, చావు జరిగిన ఇంటి ముందు ఏడాది ముగ్గు వెయ్యకూడదన్నారు, నేను వాదించలేదు. నలభై రూపాయల గళ్ల నోటుబుక్కులో పెన్సిలుతో వేశాను. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు. మెలికల ముగ్గు వేసేటప్పుడు ఒక్క చుక్క తప్పు లెక్కపెట్టినా మెలిక ఎక్కడో తెగిపోతుంది, మొదలుపెట్టిన చోటికి గీత రాదు. అందుకని మనసు ఇంకెక్కడికీ పోలేదు. టీచరు ఇచ్చిన రంగుల పుస్తకం ఎందుకు పనిచెయ్యలేదో అప్పుడు అర్థమైంది. అందులో గీతలన్నీ వాళ్లే గీసేశారు. రంగు పూస్తూ చెయ్యి ఒకచోట, నేను ఒకచోట ఉండేదాన్ని. మరీ తేలికైన పని దుఃఖానికి దారి ఇచ్చేస్తుంది, మరీ కష్టమైనది విసిగిస్తుంది. పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి ఏకడం చూశారా? చూపూ వేలూ రెండూ కదలాలి, బుర్ర మాత్రం వేడెక్కకూడదు. ఆ మోతాదు పని వెతుక్కోండి. కుట్టు, అల్లిక, పూల దండ, పిండొడియాలు, ఏదైనా సరే.

"నాకు బొమ్మలు రావు" అని వెనక్కి తగ్గకండి. అమెరికాలో గిరిజా కైమల్ అనే పరిశోధకురాలు 2016లో 39 మంది పెద్దవాళ్లతో 45 నిమిషాల పాటు మట్టి, రంగులు, కాగితాలతో ఏదో ఒకటి చేయించి, ముందూ తర్వాతా లాలాజలంలో టెన్షన్ హార్మోను కార్టిసోల్ కొలిచారు. నాలుగింట మూడొంతుల మందికి తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసినవాళ్లకీ వెయ్యనివాళ్లకీ తేడా రాలేదు. చిన్న ప్రయోగమే, పోయిన మనిషిని మర్చిపోతారని అందులో ఎవరూ అనలేదు. చెయ్యి తిరగక్కర్లేదన్న ముక్క మాత్రం నాకు ధైర్యమిచ్చింది.

చనిపోయినవాళ్ల కోసం బొమ్మ వెయ్యడం మనకి పరాయిదేమీ కాదు. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి ముద్దతో వేసే బొమ్మల్లో పోయిన పెద్దల కోసం వేసేవీ ఉంటాయి. షోరూముల్లో ఫ్రేము కట్టి అమ్మేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

రాయడం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. జేమ్స్ పెనెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో కొంతమంది విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున, మనసులో ఉన్న పెద్ద దెబ్బ గురించి రాయించాడు. రాసిన రోజు వాళ్లకి ఇంకా బాధేసింది, తర్వాత నెలల్లో మాత్రం ఆస్పత్రికి వెళ్లడం తగ్గింది. కాబట్టి రాత మందే, కాకపోతే తాగిన వెంటనే చేదు. దెబ్బ పచ్చిగా ఉన్న మొదటి వారాల్లో వద్దు. జడుపున్నవాళ్లు రాత్రిపూట ఒక్కళ్లూ కూర్చుని అసలు వద్దు. నేను ఎనిమిదో నెలలో మొదలుపెట్టాను, అదీ ఆయనకి ఉత్తరంలా. గ్యాస్ కనెక్షన్ పేరు మార్పించడానికి ఎన్నిసార్లు తిరిగానో రాశాను. పెద్ద పెద్ద మాటలు రాస్తే ఏడుపొచ్చేది, గ్యాస్ గురించి రాస్తే ఆయనతో మాట్లాడినట్టుండేది.

పాట సంగతి వేరు. సంగీతం నేర్చుకుంటే మనశ్శాంతి అని విజయనగరంలో మా పిన్ని గట్టిగా చెప్పింది. ఆ ఊరివాళ్లు చెప్పరా మరి, 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాలుని చేసిన ఊరు. నా అభిప్రాయం మాత్రం, మొదటి ఏడాదిలో వీణ, వయొలిన్ లాంటివి మొదలుపెట్టకండి. బొబ్బిలి వీణ అందంగానే ఉంటుంది, కానీ సరళీ స్వరాలు పలకనప్పుడు వచ్చే విసుగు దుఃఖానికి తోడవుతుంది. ఏదైనా వచ్చినవాళ్లయితే మళ్లీ తియ్యండి. ఏమీ రాకపోతే గుళ్లో భజనలోనో, వీధి ఆడవాళ్ల కోలాటంలోనో చేరండి. పదిమందితో గొంతు కలిపితే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది, మన గొంతు వణికినా ఎవరికీ వినపడదు. పిన్నితో ఈ మాట అంటే, "హరికథలో ఏడిపించే ఘట్టం మధ్యలో పిట్టకథ ఎందుకు చెప్తారనుకున్నావు?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఆమెదే రైటు.

అన్నిటికన్నా పాత పాట ఒకటుంది, శోకం. 2021 మే, కర్ఫ్యూ రోజులు. మా ఇంటికి పలకరింపుకి ఎవరూ రాలేదు. అత్త కొడుకు ఆఖరి చూపుకి కూడా రాలేకపోయింది. పదిహేనో రోజున కారు మాట్లాడుకుని వచ్చి, గుమ్మంలో కూలబడి శోకం ఎత్తుకుంది. రాగం తీస్తూ కొడుకు జీవితమంతా చెప్పింది. "ఓ నా నాయినో, పరీచ్చ తప్పీసి పాసయ్యేనని అబద్దమాడీసి పరమాన్నం వండించుకున్నావు గదరా నాయినో" అని ఆమె దీర్ఘం తీస్తుంటే, ముప్పై ఏళ్లు కాపురం చేసిన నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. పై ఫ్లాట్ ఆవిడ దిగి వచ్చి "పెద్దామెకి బీపీ పెరుగుతుంది, ఆపమనండి" అంది. నేను ఆపలేదు. నాకు పదిహేను రోజులుగా గొంతులో ఉన్నది ఆ పూట దిగింది. మీ ఇంట్లో శోకం వచ్చిన ముసలామె ఉంటే దయచేసి ఆమె నోరు మూయించకండి.

సముద్రం, పక్షులు, పెరడు

బీచ్‌కి వెళ్లమన్న సలహా ఎందుకు ఫెయిలైందంటే, కళింగపట్నం మేమిద్దరం కలిసి వెళ్లిన చోటు. వంశధార సముద్రంలో కలిసే చోట ఆయన ఎప్పుడూ మొక్కజొన్న పొత్తు బేరమాడేవారు. మొదటిసారి వెళ్లి పావుగంటలో తిరిగొచ్చేశాను. కలిసి తిరిగిన చోటు మొదటి ఆరు నెలలకి వద్దు, కొత్త చోటు చూసుకోండి. తర్వాత పాత చోటికి వెళ్లొచ్చు, పక్కన ఒక మనిషితో. ఒంటరిగా, చీకటి పడ్డాక, మనసు బాగోనప్పుడు నీళ్ల దగ్గరికి వెళ్లకండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు.

అసలు "ప్రకృతి ఒడిలో సేదతీరండి" అనే మాట అందరికీ చెప్పేది కాదు. వేటకెళ్లి తిరిగిరాని మనిషి భార్యకి సముద్రం చూపిస్తారా? అత్తకి గాలే శత్రువు. తోటలో నడవమంటే ఆమె పైకే చూస్తుంది, మట్ట ఊగుతోందా అని. జడుపు దేని వల్ల వచ్చిందో, ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టి మిగతా ప్రకృతిలోంచి ఎంచుకోవాలి. అత్తకి మొక్కలు పరవాలేదు, కానీ మోకాలి ఎత్తు వరకే. బచ్చలి, తోటకూర, కుండీలో కరివేపాకు. మళ్లీ కొబ్బరి మొక్క నాటడానికి ఆమెకి మూడేళ్లు పట్టింది.

నాకు బాగా పనిచేసినవి పక్షులు. టెక్కలి దాటాక తేలినీలాపురం అని చిన్న ఊరు. పెలికాన్‌లంటామే, ఆ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని, మార్చి, ఏప్రిల్‌కి వెళ్లిపోతాయి. ప్రశాంతంగా ఉంటుందనుకుని వెళ్తే పొరపాటు. గోలగోలగా ఉంటుంది, రెట్ట కంపు కొడుతుంది, పిల్ల పక్షి తల్లి నోట్లోకి తల దూర్చి చేప లాక్కుంటుంది. ఇంట్లో నిశ్శబ్దం భరించలేని నాకు ఆ గోల హాయిగా అనిపించింది. నిశ్శబ్దం కావాల్సినవాళ్లు తాటిపూడి రిజర్వాయరు గట్టుకి, సెలవు రోజు కాకుండా వెళ్లండి. కార్తీకమాసం ఆదివారాలు మాత్రం ఎక్కడికీ వద్దు, అన్ని చోట్లా వనభోజనాల మైకులే.

ఎంతసేపు అంటే, 2019లో ఇంగ్లండులో దాదాపు ఇరవై వేల మందిని అడిగి చేసిన అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలైనా పచ్చదనం మధ్య గడిపేవాళ్లు ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా ముక్కలుగా గడిపినా తేడా రాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ తిరుగుతారేమో అనే అనుమానం లెక్కల టీచరుగా నాకు ఉంది. అయినా రోజుకి పదిహేడు నిమిషాలు నాగావళి గట్టు మీద నడిస్తే పోయేదేం లేదు. నాకు ఆ నడక సాయంత్రం పూటకి పనికొచ్చింది, అంటే ఆయన బండి చప్పుడు వినిపించాల్సిన ఆరు గంటలకి. నాలుగున్నరకి ముగ్గు, ఆరింటికి గట్టు.

నవ్వు

మూడింటిలో ఎంచుకోవడానికి వీల్లేనిది ఇదే. ముగ్గు వేద్దామనుకుంటే వెయ్యొచ్చు, నవ్వుదామనుకుంటే రాదు. పార్కుల్లో చేతులెత్తి హ్హహ్హహ్హ అనే లాఫింగ్ క్లబ్బులు ఉన్నాయి కదా, 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు మొదలుపెట్టినవి. పొద్దున్నే నలుగురి మధ్యకి వెళ్లడం కోసమైతే వెళ్లండి, మంచిదే. దుఃఖం కోసమైతే నేను రెండు రోజులకి మానేశాను. ఫోన్‌లో కామెడీ క్లిప్పులు అంతకన్నా నష్టం. రాత్రి పదకొండుకి మొదలుపెడితే ఒంటిగంట అవుతుంది. కళ్లు మండుతాయి, ఇల్లు ఇంకా ఖాళీగా అనిపిస్తుంది.

నిజమైన నవ్వు పోయిన మనిషి సామాన్లలోంచి వచ్చింది. నాలుగో నెలలో మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి వెళ్తే, పిట్టగోడ మీద పదకొండు పాత టార్చి బేటరీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఎండలో పెడితే ఛార్జి ఎక్కుతుందని ఆయన నమ్మకం. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన మనిషి! ఎన్నిసార్లు పారేసినా మళ్లీ తెచ్చి పేర్చేవారు. వానకి తుప్పు పట్టి, మైనం కారి, అయినా సూర్యుడి వైపు తిరిగి బుద్ధిగా నిలబడి ఉన్నాయి. అక్కడే కూర్చుని గట్టిగా నవ్వాను. కింద నుంచి అత్త "ఏటే, ఏటైంది" అని కేకేసింది. చెప్తే ఆమె కూడా నవ్వింది, తర్వాత ఇద్దరం ఏడ్చాం.

తర్వాత చదివితే తెలిసింది. 1997లో కెల్ట్‌నర్, బొనానో అనే ఇద్దరు, జీవిత భాగస్వామిని పోగొట్టుకుని ఆరు నెలలైన వాళ్లతో మాట్లాడించి వాళ్ల ముఖాలు పరిశీలించారు. పోయినవాళ్ల గురించి చెప్తూ మధ్యలో కళ్ల చివర ముడత పడేలా నిజంగా నవ్వినవాళ్లకి బాధ తీవ్రత తక్కువగా కనిపించింది. కాబట్టి ఏడాది తిరక్కుండానే నవ్విందని ఎవరైనా చెవులు కొరుక్కుంటే పట్టించుకోకండి.

ఓదార్చడానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. జోకు మొదలుపెట్టే హక్కు ఆ ఇంటివాళ్లది. వాళ్లు మొదలుపెడితే అందుకోండి. మీకు ఆ పోయిన మనిషి గురించి నవ్వొచ్చే సంగతి తెలిస్తే జోకులా కాకుండా కబురులా చెప్పండి. మా ఆయన స్నేహితుడు సంవత్సరీకానికి వచ్చి, ఇంటర్లో ఇద్దరూ టికెట్ లేకుండా ఆమదాలవలస వరకు రైల్లో నిలబడి వెళ్లిన సంగతి చెప్పాడు. అది ఏ క్లిప్పూ ఇవ్వలేనిది. జడుపున్న మనిషి దగ్గర మాత్రం ఆ ఘటన మీద జోకు అస్సలు వద్దు. "గాలికే భయమా అత్తా" అని ఒకసారి మా తమ్ముడు నవ్వుతూ అన్నందుకు ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఒకటే పట్టుకుని కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు 1999లో దుఃఖం గురించి చెప్పిన లెక్క నాకు నచ్చింది. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు, ఊయలలా అటూ ఇటూ ఊగుతూ ఉండటమే మామూలు పద్ధతట. గ్యాస్ ఉత్తరం, పాత ఫోటోలు, శోకం అటు వైపు. పక్షులు, బచ్చలి పాదు, కోలాటం ఇటు వైపు. మీ దగ్గర ఉన్నవన్నీ అటువైపువే అయితే ఒకటి మార్చండి. అన్నీ ఇటువైపువే అయినా మార్చండి. మా తమ్ముడు తండ్రి పోయినప్పుడు ఒక్కరోజు ఆగకుండా ట్రెక్కింగులు చేశాడు, రెండేళ్ల తర్వాత ఎవరిదో పెళ్లిలో కుప్పకూలి ఏడ్చాడు.

ఇవేవీ సరిపోని సందర్భాలు ఉంటాయి. జడుపు నెల దాటినా పీడకలలు, ఉలికిపాట్లు తగ్గకపోతే, దుఃఖం ఆరు నెలలు దాటినా స్నానం, వంట, పని ఏదీ సాగకుండా మొదటి రోజులాగే ఉంటే, ముగ్గులూ కొంగలూ పక్కన పెట్టి డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఆరు నెలలు, నెల అని లెక్కలేం వద్దు, అదే రోజు వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు పలుకుతారు. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులుండవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో మానసిక వైద్యులు చూస్తారు. అత్తని తీసుకెళ్లాను. తాయెత్తు కూడా కట్టించింది, నేను వద్దనలేదు. మాత్ర మానకుండా ఉంటే చాలన్నాను.

ఇప్పుడు ఆమె నా దగ్గరే ఉంటోంది. పోయిన అక్టోబరులో ఒక సాయంత్రం వాయుగుండం అన్నారు, గాలి లేచింది. ఆమె ముఖం చూసి, ఈనెల కట్టా చిన్న కత్తీ తెచ్చి ముందు పెట్టాను. రెండు ఈనెలు గీసి, కిటికీ వైపు చూసి, "ఒలే అమ్మీ, గాలేత్తంది. ఆ బేటరీలు లోపలెట్టే. ఆడికి ఎండలో ఎట్టడమే తెలుసు, తియ్యడం తెలీదు" అంది.

మేడెక్కి పదకొండూ తెచ్చాను.